నత్తి: మాట పట్టేస్తుందని ముందే తెలిసేదెలా?

నత్తి ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి తమ మాట ఎక్కడ ఆగిపోతుందో నోరు తెరవకముందే తెలిసిపోతుంది. ఇంకా పలకాల్సిన పదం దగ్గర గొంతు పట్టేస్తుందని ముందే అనిపిస్తుంది. చాలాసార్లు అలాగే జరుగుతుంది కూడా.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్, ఆయన సహచరులు 1930లలో దీన్ని పరిశోధించారు. ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిస్తే తడబాట్లు తగ్గుతూ వచ్చాయి. మిగిలినవి మాత్రం ఎక్కువగా అంతకుముందు తడబడిన పదాల దగ్గరే వచ్చాయి. ఆ పదాలను కొట్టేసి చదివిస్తే, పక్క పదాల దగ్గర మాట ఆగసాగింది. పాత అనుభవం ఆ పదంతో పాటు దాని ఇరుగుపొరుగునూ పట్టుకుంటుందన్నమాట. వాక్యం మొదట్లో వచ్చే పదాలు, పొడవాటి పదాలు ఎక్కువ ఇబ్బంది పెడతాయని ఇంగ్లిష్ మాట్లాడేవారిలో స్పెన్సర్ బ్రౌన్ 1945లో చూపించారు.

కష్టమనిపించిన మాటకు బదులు మరో మాట వాడి కొందరు గండం గట్టెక్కుతారు. ఊరిపేర్లకు, సొంత పేరుకు ఆ వీలు లేదు. తాడిపత్రిలో రైలెక్కి ఎర్రగుంట్లలో దిగాల్సిన మనిషి, ‘ఎర్రగుంట్ల’ అనలేనేమోనన్న భయంతో కడపకు టికెట్ అడిగి, ఎక్కువ డబ్బు కట్టి, మధ్యలోనే దిగిపోవచ్చు. అప్పటికి గండం తప్పుతుంది. కానీ ఆ ఊరిపేరు మీద భయం ఇంకాస్త ముదురుతుంది. తప్పించుకున్న ప్రతిసారీ కలిగే ఊరట, తప్పించుకోవడాన్నే అలవాటు చేస్తుంది.

ఈ ముందస్తు ఎరుక మెదడులోనూ కనిపిస్తుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ జాక్సన్ బృందం, ఒక్కొక్కరికి కష్టమనిపించే పదాలు, తేలికనిపించే పదాలు విడివిడిగా సేకరించి వారిచేత పలికించింది. తలకు అమర్చిన పరికరం నుంచి కాంతిని పంపి, మెదడు పైపొరల్లో రక్తంలోని ఆక్సిజన్ మార్పులను కొలిచింది. కష్టమైన పదం పలకబోయే ముందు కుడివైపు ముందరి మెదడులో చురుకుదనం పెరిగిందని 2022లో ప్రకటించింది. రాబోయే పనిని అదుపులో పెట్టడానికి మెదడు వాడుకునే భాగమది.

ముందే తెలియడం వల్ల మేలూ ఉంది. చార్లెస్ వాన్ రైపర్ రూపొందించిన చికిత్సలో, పట్టేస్తుందనిపించిన పదాన్ని బిగుతు సడలించి, నెమ్మదిగా మొదలుపెట్టడం నేర్పుతారు. జోసెఫ్ షీహన్ పద్ధతిలో ఆ పదాన్ని తప్పించకుండా, తడబడినా సరే పలికిస్తారు. మన దేశంలో 1965లో మైసూరులో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో నత్తికి చికిత్స అందుతుంది.