అర్జీ తీసుకుంటారు.. జవాబు మాత్రం చెప్పరు!

గ్రామసభల్లో ప్రశ్నకు చోటు కరువు

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేస్తారు. బల్ల వెనుక కుర్చీల్లో సర్పంచి, కార్యదర్శి, మండలం నుంచి వచ్చిన అధికారి కూర్చుంటారు. సభ మొదలు కాకముందే హాజరు పుస్తకం జనంలో తిరుగుతుంది. సంతకాలు, వేలిముద్రలు పడతాయి. ఆ తరువాత పథకాల గురించి అరగంట ఉపన్యాసం. చివర్లో ఎవరో ఒక రైతు తలపాగా సర్దుకుంటూ లేచి, "కాలనీ బోరుకు కొత్త మోటారు బిగించినట్లు బిల్లు అయిందంటున్నారు. ఆ మోటారు ఏదీ?" అని అడుగుతాడు. "అది అజెండాలో లేదు. అర్జీ రాసి ఇవ్వు, చూద్దాం" అన్న జవాబు వస్తుంది. రైతు అర్జీ ఇస్తాడు. సభ ముగుస్తుంది. మోటారు సంగతి తేలదు.

ఇది ఏ ఒక్క ఊరికో పరిమితమైన దృశ్యం కాదు. గ్రామసభకు వెళ్ళిన వారిలో చాలామందికి అనుభవమైన విషయమే. అర్జీ వేరు, ప్రశ్న వేరు. అర్జీలో మనకు కావలసింది అడుగుతాము. ప్రశ్నలో వారు చేసిన పనికి లెక్క అడుగుతాము. అర్జీ అయితే కట్ట కట్టి మండలానికి పంపవచ్చు. ప్రశ్నకు నలుగురిలో నిలబడి జవాబు చెప్పాలి. అందుకే ప్రశ్నను అర్జీగా మార్చే అలవాటు ఊరూరా పాతుకుపోయింది.

సభలు రెండు, హక్కులు వేరు

పంచాయతీ సమావేశం, గ్రామసభ ఒకటే అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పంచాయతీ సమావేశం సర్పంచి, వార్డు సభ్యులది. అక్కడ చర్చించేదీ, తీర్మానం చేసేదీ వారే. ఊళ్ళో వారికి మాట్లాడే హక్కు లేదు. తమ వార్డు సభ్యుని ద్వారా అడిగించుకోవలసిందే. గ్రామసభ అలా కాదు. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ అందులో సభ్యులే. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణే ఈ సంగతి చెప్పింది. అంటే గ్రామసభకు వచ్చిన కూలీ మనిషి అక్కడ అతిథి కాదు, సభ్యుడు. సభ్యుణ్ణి "నువ్వెవరు అడగడానికి?" అనే హక్కు ఎవరికీ లేదు.

చట్టం ఏమంటున్నది?

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 6వ సెక్షన్ గ్రామసభ గురించి చెబుతుంది. ఏడాదికి కనీసం రెండుసార్లు సభ జరపాలి. పంచాయతీ వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక, గడచిన ఏడాది పాలనా నివేదిక, రాబోయే ఏడాది పనుల ప్రణాళిక, కొత్త పన్నులు లేదా పన్నుల పెంపు ప్రతిపాదనలు, పథకాలకు లబ్ధిదారుల ఎంపిక - వీటిని పంచాయతీయే సభ ముందు పెట్టాలి. తెలంగాణలో 2018లో వచ్చిన కొత్త చట్టం రెండు నెలలకు ఒకసారి సభ జరపాలని చెప్పింది.

ఈ జాబితాను ఒకసారి జాగ్రత్తగా చూస్తే, బోరు మోటారు బిల్లు "అజెండాలో లేదు" అనడం ఎంత వట్టి మాటో తెలుస్తుంది. పంచాయతీ లెక్కలను చట్టమే అజెండాలో పెట్టింది. పంచాయతీ డబ్బుతో జరిగిన ఏ పనికి చెల్లించిన బిల్లయినా ఆ లెక్కల్లోకి వచ్చేదే.

అయితే చట్టంలో ఒక లోటు లేకపోలేదు. సభ చేసిన సూచనలను పంచాయతీ తగిన విధంగా పరిగణించాలి అన్నారు తప్ప, అడిగిన ప్రతి ప్రశ్నకు ఫలానా గడువులో జవాబు చెప్పి తీరాలి అనలేదు. సభ జరపని సర్పంచికి పదవి పోయే నిబంధన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నది. సభ జరిపి జవాబు చెప్పని వారికి అలాంటి భయం లేదు. కాబట్టి పుస్తకంలో సంతకాలు ఉంటే చాలు, పదవికి ఢోకా లేదు. సంతకాలు ముందు, సభ తరువాత అన్న పద్ధతికి మూలం ఇక్కడే ఉన్నది.

నోరు కట్టే తీరు

"ప్రశ్నలు అడగరాదు" అని ఎక్కడా బోర్డు పెట్టరు. కట్టడి వేరే దారుల్లో వస్తుంది. టముకు వేయించకుండానే సభ పెట్టేస్తారు. వేయించినా ముందురోజు చీకటి పడ్డాక ఒక్క వీధిలో వేయించి సరిపెడతారు. నాట్లు, కోతల రోజుల్లో పొద్దున పదకొండు గంటలకు సభ అంటారు. ఆ వేళ కూలీలంతా చేలో ఉంటారు. మైకు ఒక్కటే ఉంటుంది, అది బల్ల దాటి ఇవతలకు రాదు. ప్రశ్నలకు సమయం చివర్లో అంటారు, ఆ చివర రానే రాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, కంటికి కనిపించని కట్టడి మరొక ఎత్తు. ఎవరి పొలంలో పనికి పోవాలో వారినే నలుగురిలో ప్రశ్నించడం కూలీకి తేలిక కాదు. ఆడవారు వెనుక వరుసలో కూర్చుంటారు. మంచినీళ్ళ కష్టం ఎక్కువగా మోసేది వారే అయినా, కుళాయి గురించి మాట్లాడేది మగవారే. ఇల్లు మంజూరు కావలసిన వారు, పింఛను రావలసిన వారు "ఈ ఒక్కసారికి ఊరుకుందాం" అనుకుంటారు. ఊరుకోవడం అలవాటవుతుంది.

అవతలి పక్షం మాట

సర్పంచుల వైపు నుంచి కూడా వినవలసింది ఉన్నది. సభలో పార్టీ తగాదాలు లేవదీసేవారు, తాగి వచ్చి కేకలు వేసేవారు, పొలంగట్టు తగువును పంచాయతీ మీదికి తెచ్చేవారు ఉంటారు. పింఛన్లు, రేషన్ కార్డులు సర్పంచి చేతిలో ఉండేవి కావు. వాటి గురించి నిలదీస్తే ఆయన మాత్రం ఏం చెబుతాడు? అందుకని సభకు ఒక క్రమం ఉండవలసిందే. ఒక్కొక్కరు ఒక్కొక్క ప్రశ్న వేయాలి, ఇంత సమయంలో ముగించాలి, పంచాయతీ వ్యవహారమే మాట్లాడాలి అనడంలో తప్పు లేదు. ఆ క్రమం అందరికీ ఒకే తీరుగా ఉండాలి. గిట్టనివారికి ఒక నిమిషం, మనవారికి పావుగంట అయితే దాన్ని క్రమం అనరు.

అడిగిన చోట ఏమైంది?

ప్రభుత్వం తలచుకుంటే సభలు జరపడం కష్టమేమీ కాదు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. అయితే సభ జరగడం వేరు, జనం అడిగినదానికి జవాబు రావడం వేరు. 2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణలో జరిగిన సభలే ఇందుకు సాక్ష్యం. ఇందిరమ్మ ఇళ్ళు, రేషన్ కార్డులు, రైతు భరోసా, ఆత్మీయ భరోసా జాబితాలు అక్కడ చదివారు. తమ పేర్లు ఎందుకు లేవని పలుచోట్ల జనం నిలదీశారు. చివరికి జరిగింది మళ్ళీ దరఖాస్తులు తీసుకోవడమే. ఆ నాటికి ఊళ్ళలో సర్పంచులు లేరు, పాలన ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నది. సర్పంచుల ఎన్నికలు 2025 డిసెంబరులో గాని జరగలేదు.

దీనికి భిన్నమైన అనుభవమూ మనకు ఉన్నది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ చట్టం 17వ సెక్షన్ పనులపై సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకే అప్పగించింది. ఉమ్మడి రాష్ట్రంలో అదే ఏడాది తనిఖీలు మొదలయ్యాయి. మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, "ఈ వారం నువ్వు పనికి పోయావా, కూలి ముట్టిందా?" అని అడిగి, ఆ వివరాలను బహిరంగ సభలో చదివారు. కాగితం చేతిలో ఉన్నప్పుడు చదువురాని మనిషి కూడా "ఆ వేలిముద్ర నాది కాదు" అని చెప్పగలిగాడు.

మన పొరుగున ఒడిశాలోని నియమగిరి కొండల్లోనూ మాట పుస్తకంలోకి ఎక్కితే ఎంత బలమో తేలింది. బాక్సైట్ గని విషయం గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న చెప్పింది. జిల్లా జడ్జి సమక్షంలో 12 పల్లెల సభలు జరిగాయి. 12 సభలూ వద్దన్నాయి. ఆ గనికి 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది.

ప్రశ్న పుస్తకంలోకి ఎక్కాలి

గాలిలో అడిగిన ప్రశ్న గాలికే పోతుంది. తీర్మానాల పుస్తకంలో రాయించిన ప్రశ్న నిలబడుతుంది. కాబట్టి ప్రశ్నను సభకు వారం పది రోజుల ముందే కాగితం మీద రాసి, నలుగురి సంతకాలతో కార్యదర్శికి ఇచ్చి, అందినట్లు రాయించుకోవడం మంచిది. సభలో ఆ కాగితాన్ని చదివి, అడిగినట్లూ, వచ్చిన జవాబూ పుస్తకంలో రాయమని కోరాలి. "తరువాత చెబుతాం" అంటే ఏ తేదీకి చెబుతారో అదీ రాయించాలి. వచ్చే సభలో మొదట ఆ పేజీయే తెరిపించాలి.

అప్పటికీ జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. బిల్లు నకలు, ఎం.బుక్ నకలు చేతికి వస్తే, మోటారు ఏదీ అన్న ప్రశ్నకు "అర్జీ ఇవ్వు" అన్న జవాబు ఇక చెల్లదు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు పెద్దలు. ఇక్కడ అడుగుతున్నది పెట్టమని కాదు, పెట్టిన ఖర్చుకు లెక్క చెప్పమని. ఇంటిపన్ను కట్టి రసీదు తీసుకున్న ప్రతివారికీ ఆ లెక్క అడిగే హక్కు ఉన్నది. ఈసారి టముకు వినిపించినప్పుడు సంతకం పెట్టి ఇంటికి వచ్చేయకుండా, సభ చివరిదాకా కూర్చునేవారు ఊరికి పదిమంది ఉన్నా చాలు. హాజరు పుస్తకం పక్కన లెక్కల పుస్తకం కూడా బల్ల మీదికి రాక తప్పదు.