ఎర్త్‌ పిన్ను విరిస్తే ఆగేది మోత ఒక్కటే కాదు

హోం థియేటర్‌ బిగించుకున్న కొన్ని ఇళ్లలో పాట మొదలవకముందే స్పీకర్ల నుంచి ‘గుంయ్‌’మనే మోత వినిపిస్తుంటుంది. దీనికి పలుచోట్ల పాటిస్తున్న చిట్కా ఆంప్లిఫయర్‌ ప్లగ్గులోని మూడో పిన్నును, అంటే ఎర్త్‌ను తొలగించడం. మోత ఆగిపోయే మాట నిజమే. దాంతోపాటు ప్రాణరక్షణ కూడా పోతున్నదని చాలామంది గ్రహించడం లేదు.

ఈ మోతకు తరచూ కారణమయ్యేది ఎర్త్‌ ఉండటం కాదు, అది రెండు చోట్ల ఉండటం. ఆంప్లిఫయర్‌ గోడ సాకెట్‌ ద్వారా భూమికి కలుస్తుంది. టీవీకి వచ్చే కేబుల్‌ తీగ పైతొడుగు వీధి స్తంభం వద్దో, మేడపై డిష్‌ వద్దో మరోచోట భూమిని తాకుతుంది. ఈ రెండు చోట్ల మధ్య వోల్టేజిలో స్వల్ప తేడా ఉంటుంది. టీవీని, ఆంప్లిఫయర్‌ను ఆడియో తీగతో కలపగానే వలయం పూర్తయి, దాని తొడుగు గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. సరఫరాలోని సెకనుకు 50 ఆవర్తనాలే మోతగా చెవినపడతాయి. దీన్ని గ్రౌండ్‌ లూప్‌ అంటారు.

కేబుల్‌ తీగను టీవీ నుంచి ఊడదీసి చూస్తే సంగతి తేలిపోతుంది. మోత ఆగితే ఆ తీగ మధ్యలో ఐసోలేటర్‌ అనే చిన్న పరికరం అమర్చాలి. పరికరాలన్నింటికీ ఒకే బోర్డు నుంచి సరఫరా ఇవ్వడమూ మేలే. ఇన్‌పుట్‌ తీగలన్నీ తీసినా మోత ఆగకుంటే లోపం ఆంప్లిఫయర్‌లోనే ఉన్నట్లు. కరెంటు పోయినప్పుడే ‘బర్ర్‌’మంటే స్క్వేర్‌వేవ్‌ రకం ఇన్వర్టర్‌ను అనుమానించాలి. స్టెబిలైజర్‌ వోల్టేజి హెచ్చుతగ్గులను సరిదిద్దుతుందే తప్ప ఈ మోతలను పోగొట్టలేదు.

ఎండిన గొయ్యితో ముప్పు

ఆంప్లిఫయర్‌ లోపల ఫేజ్‌ తీగ సడలి ఇనుప పెట్టెను తాకితే, ఎర్త్‌ లేనప్పుడు ఆ పెట్టెపై 230 వోల్టులు నిలిచి ఉంటాయి. ముట్టుకున్న మనిషే అప్పుడు ఎర్త్‌ తీగ అవుతాడు. ఎర్త్‌ ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికీ లేదు. గొయ్యి నిరోధం 20 ఓమ్‌లు ఉందనుకుందాం. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లే వస్తుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి పడిపోదు. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను ఆపివేసే ఆర్‌సీసీబీ ప్రతి ఇంటికీ అవసరం. దాని టెస్ట్‌ మీటను అప్పుడప్పుడు నొక్కి, పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి.

తడి నిలిచే డెల్టా నేలల్లో ఎర్తింగ్‌ తేలికగా కుదురుతుంది. తెలంగాణ, రాయలసీమల్లోని రాతినేలల్లో వేసవి వచ్చేసరికి గొయ్యి ఎండిపోయి నిరోధం పెరుగుతుంది. వేల రూపాయల పవర్‌ కేబుళ్లు కొనేవారు ముందు ఆ గోతిలో రెండు బిందెల నీళ్లు పోయడం నయం.

ఎర్తింగ్‌ లేని ఇళ్లలో సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపే అలవాటు మరీ ప్రమాదకరం. న్యూట్రల్‌ ఎక్కడైనా తెగితే పరికరాల లోహపు పెట్టెలన్నింటిలోకీ ఫేజ్‌ వచ్చి చేరుతుంది. రెండు పిన్నులతోనే వచ్చే పరికరాలు కొన్ని ఉన్నాయి. వాటి వెనుక చతురస్రంలో మరో చతురస్రం గుర్తు ఉంటే, రెట్టింపు ఇన్సులేషన్‌తో తయారైనందున వాటికి ఎర్త్‌ అక్కర్లేదు. ఆ గుర్తు లేని మూడు పిన్నుల ప్లగ్గును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విరవరాదు.