పేరు తీసేస్తే హక్కు పోదు

వాట్సాప్‌లో తిరిగే తెలుగు కవితను గమనించండి. కవి ఫేస్‌బుక్‌లో పెట్టిన రోజు కింద పేరుంటుంది, ఒక్కోసారి ఊరూ తేదీ కూడా ఉంటాయి. నాలుగో గ్రూపుకు చేరేసరికి పేరు పోతుంది. పాదాలు కలిసిపోయి వచనంలా తయారవుతాయి. గులాబీలు, జోడించిన చేతులు వచ్చి చేరతాయి. చివర ‘సేకరణ’ అని పడుతుంది. కొన్నాళ్లకు అదే కవిత శ్రీశ్రీ పేరుతోనో అబ్దుల్ కలాం పేరుతోనో తిరిగి తిరిగి రాసినవాడి ఫోన్‌కే వస్తుంది. పంపినవాళ్లంతా దొంగలని నేననను. నచ్చింది, పంపారు. కాకపోతే ఆ పంపడం వెనక కొన్ని అపోహలు బాగా పాతుకుపోయాయి.

అపోహ: ‘సేకరణ’ అనో, ‘క్రెడిట్స్ టు ఓనర్’ అనో రాస్తే సరిపోతుంది.

సరిపోదు. మన 1957 కాపీరైట్ చట్టంలో రచయితకు రెండు రకాల హక్కులున్నాయి. ఒకటి, తన రచనను ఎవరు అచ్చువేయాలో, ఎవరు జనంలోకి పంపాలో నిర్ణయించే హక్కు. దీనికి అనుమతి కావాలి, పేరు వేసినంత మాత్రాన అనుమతి ఇచ్చినట్టు కాదు. రెండోది 57వ సెక్షన్ ఇచ్చిన ప్రత్యేక హక్కు. ఇది నా రచన అని చెప్పుకోవడం, తన పరువు తీసేలా దాన్ని ఎవరైనా మారిస్తే అడ్డుకోవడం ఇందులోకి వస్తాయి. రచనను వేరొకరికి అమ్మేసినా ఈ రెండోది రచయితను వదిలిపోదు. పేరు చెరిపి ‘సేకరణ’ తగిలించినవాళ్లు రెండు హక్కులనూ ఒకేసారి తొక్కేస్తున్నారు. నా మటుకు నాకు రెండోదే ఎక్కువ బాధ. తెలుగులో కవిత్వం రాసి డబ్బు గడించినవాళ్లు అరుదు, వాళ్లకు మిగిలేది ఆ పేరే.

నచ్చిన పోస్టును పంచుకోవడానికి షేర్ బటన్ ఉంది. దానితో పంపితే అసలు పోస్టే వెళ్తుంది, రాసినవారి పేరూ దానితోపాటే వెళ్తుంది. కాపీ చేసి మన గోడ మీద అతికిస్తే అది వేరే ప్రతి అయిపోతుంది.

అపోహ: నెట్‌లో పెట్టాక అందరిదీ. రిజిస్ట్రేషన్ లేకపోతే హక్కే లేదు.

రాసిన క్షణంలోనే, ఫొటో తీసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చినప్పుడు డానియల్ మోరెల్ అనే ఫొటోగ్రాఫర్ తన చిత్రాలను ట్విట్టర్ ద్వారా బయటపెట్టాడు. ఇంకొకరు వాటిని తమవిగా పెట్టుకున్నారు. అక్కడి నుంచి ఏఎఫ్‌పీ వార్తాసంస్థ తీసుకుంది, గెట్టీ అనే ఫొటోల సంస్థ ద్వారా అవి పత్రికలకు చేరాయి. ట్విట్టర్‌లో ఉన్నాయి కాబట్టి వాడుకోవచ్చన్న వాదనను న్యూయార్క్ కోర్టు ఒప్పుకోలేదు. 2013లో జ్యూరీ మోరెల్‌కు 12 లక్షల డాలర్లు ఇప్పించింది.

అపోహ: నా ఫొటోలు వాడుకోవడానికి ఫేస్‌బుక్‌కు అనుమతి ఇవ్వడం లేదని పోస్టు పెడితే రక్షణ దొరుకుతుంది.

రోమ్ శాసనాన్ని కూడా ఉదహరించే ఈ పోస్టు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. ఆ శాసనం అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి సంబంధించినది, ఫొటోలతో దానికి పని లేదు. ఖాతా తెరిచినప్పుడు ఒప్పుకున్న షరతులు ఒక పోస్టుతో రద్దు కావు. అలాగని ఫొటో ఫేస్‌బుక్ సొంతమూ కాదు. హక్కు మీదే, వాళ్లకు ఇచ్చింది వాడుకునే అనుమతి మాత్రమే.

అపోహ: 30 సెకన్ల లోపు పాట అయితే ఫరవాలేదు. సొంత గొంతుతో పాడితే అసలు సమస్యే లేదు.

చట్టంలో సెకన్ల లెక్క ఎక్కడా లేదు. విమర్శ కోసమో సమీక్ష కోసమో అవసరమైనంత ఉటంకించడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. అక్కడ చూసేది ఎందుకు, ఎంత అన్నదే. ఇక సొంత గొంతు సంగతికొస్తే, గొంతు మనదైనా సాహిత్యం, బాణీ వేరొకరివి. 2017లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికా పర్యటనలో ఉండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా నోటీసు పంపారు. ఈ సంగతి అభిమానులకు బాలు ఫేస్‌బుక్‌లోనే చెప్పారు. ఆ పాటలకు ప్రాణం పోసిన గాయకుడికే ఆ నోటీసు వచ్చింది. ఇన్‌స్టాలో పాట దొరుకుతోంది కదా అని బట్టల షాపు ప్రకటనకు వాడుకోవడం కూడా ఇలాంటిదే. సొంత సరదాకు ఇచ్చిన అనుమతి వ్యాపారానికి పనికిరాదు.

అపోహ: చనిపోయిన రచయితల పుస్తకాలు పీడీఎఫ్ చేసి పెట్టడం సాహిత్యసేవ.

గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు అందరివీ. శ్రీశ్రీ పోయింది 1983లో. రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క కాబట్టి 2043 చివరిదాకా హక్కు వారసులదో, ప్రచురణకర్తలదో. ఇక బతికున్న రచయిత సొంత డబ్బుతో అచ్చువేసుకున్న పుస్తకాన్ని టెలిగ్రామ్‌లో పడేయడాన్ని సేవ అనడం అన్యాయం.

పెళ్లి ఫొటోల విషయంలో మాత్రం అపోహ తిరగబడుతుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. ఫొటోగ్రాఫర్ తన పేజీలో ప్రచారానికి పెట్టుకోవాలంటే ముందే రాయించుకోవాలి.

మీ రచన ఎక్కడైనా కనబడితే ముందుగా తేదీ, లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ తర్వాత రచన మీదేనన్న ఆధారంతో ఆ వేదికకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 2013 కాపీరైట్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు సబబని తోస్తే వాళ్లు 36 గంటల్లో ఆపాలి. అక్కడితో పని అయిపోయిందనుకోకండి. 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే దాన్ని మళ్లీ పెట్టుకునే వీలు వాళ్లకుంది.