నక్షత్రాల దారిలో మధూకరం

వెనకటి రోజుల్లో కాలినడకన కాశీయాత్రకు బయలుదేరినవాడు ఎంత పెద్ద సద్దిమూట కట్టుకున్నా అది కొద్దిరోజులకు మించి వచ్చేది కాదు. మూట పెరిగినకొద్దీ నడక భారమయ్యేది. అందుచేత అతడు ఊరూరా మధూకరం ఎత్తుకుంటూ సాగిపోయేవాడు. తమ పాత్రలను నక్షత్రాలకు ప్రయాణం కట్టించిన కథకులకూ ఇదే చిక్కు ఎదురైంది.

రాకెట్టుకు సద్దిమూట ఇంధనమే. ఉదజని మూలకాలన్నిటిలోనూ తేలికైనది. దానిని ద్రవంగా మార్చాలంటే సున్నాకు దిగువ 253 డిగ్రీల దాకా చల్లబరచాలి. అప్పటికీ ఘనపు మీటరు తొట్టిలో పట్టేది 71 కిలోలే. నీరైతే 1000 కిలోలు పడుతుంది. 2023 జూలైలో శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ను మోసుకుపోయిన రాకెట్టు పై అంచెలో మండినది ఈ ద్రవ ఉదజనే.

చంద్రుని దాకా ఆ మూట చాలును. కాని సూర్యుని తరువాత మనకు అతి సమీప నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ 4.2 కాంతి సంవత్సరాల దూరాన ఉన్నది. 1977లో బయలుదేరిన వాయేజర్-1 వేగం సెకనుకు 17 కిలోమీటర్లు. ఆ వేగంతో అంత దూరం పోవడానికి 70 వేల సంవత్సరాలు దాటుతుంది. వేగం పెంచాలంటే ఇంధనం పెరగాలి. పెరిగిన ఇంధనాన్ని మోయడానికి మరికొంత ఇంధనం కావాలి.

ఈ చిక్కుముడి విప్పే మార్గాన్ని 1960లో అమెరికన్ భౌతిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బుస్సార్డ్ సూచించాడు. నక్షత్రాల నడుమ ఉన్నది పూర్తి శూన్యం కాదు; అక్కడ అతి పలుచగా ఉదజని వ్యాపించి ఉన్నది. నౌక ముందు అయస్కాంత క్షేత్రాన్ని వలలా పరచి, విద్యుదావేశం గల ఉదజనిని పోగుచేసి, సూర్యగర్భంలో జరిగినట్లు సంలీనం చేయగలిగితే దారి పొడవునా ఇంధనమే! కథకులు ఈ ఊహను వెంటనే అందుకున్నారు. ‘స్టార్ ట్రెక్’ నౌకల ఇంజన్ల ముందు ఉండే సేకరణ యంత్రాలకు బుస్సార్డ్ పేరే పెట్టారు.

అయితే మధూకరానికి పోయే దారిలో ఇళ్లు బహు తక్కువ. ఘనపు సెంటీమీటరుకు ఒక్క పరమాణువు ఉన్నదనుకుంటే, భూగోళమంత చోటును గాలించినా దొరికే ఉదజని రెండు కిలోలకు మించదు. ఇటువంటి నౌకకు దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల పొడవైన అయస్కాంత గరాటు కావాలని 2022లో ప్రచురితమైన ఒక పరిశోధన లెక్కకట్టింది. అది భూమికీ సూర్యునికీ మధ్య ఉన్నంత దూరం. పైగా సామాన్య ఉదజని సంలీనం మహా మందకొడి. సూర్యగర్భంలో సైతం ఒక ప్రోటాన్ తన వంతు కోసం సగటున వందల కోట్ల సంవత్సరాలు వేచి ఉంటుంది.

1980లలో రాబర్ట్ జుబ్రిన్, డానా ఆండ్రూస్ ఈ వలను మళ్లీ పరిశీలించినప్పుడు మరో విశేషం తేలింది. ఆ వల నౌకను ముందుకు నెట్టడం కంటె వెనక్కు లాగడమే ఎక్కువ. వారు నిరాశపడలేదు; దానిని ‘అయస్కాంత తెరచాప’గా మలిచారు. మరో విధంగా వేగం పుంజుకున్న నౌక గమ్యం చేరువలో ఈ తెరచాప విప్పితే, ఇంధనం ఖర్చు లేకుండానే వేగం తగ్గించుకోవచ్చును.

పోల్ ఆండర్సన్ 1970లో ప్రచురించిన ‘టౌ జీరో’ నవలలో బుస్సార్డ్ తరహా నౌక ఒకటి ఉన్నది. దారిలో దాని వేగం తగ్గించే యంత్రాంగం చెడిపోతుంది. యాభైమంది ప్రయాణికులతో అది ఆగలేక పరుగెడుతుంది. కథలో ఆగలేకపోయిన ఆ నౌక లెక్కల్లో కదలలేకపోయింది. అయినా దాని వల వృథా పోలేదు. నక్షత్రానికి పోయేవాడు రెండు మూటలు కట్టుకోవాలి: ఒకటి పరుగెత్తడానికి, మరొకటి ఆగడానికి. ఆ రెండవ మూట బరువును చాలా వరకు ఇంటివద్దనే దింపిపోవచ్చునని ఆ వల చెబుతున్నది.