బుగ్గ యొద్ద ఒక ఉదయము

క్షేత్రమునకు పోయినప్పుడు మన కన్నులు గర్భగుడినే వెదకును గాని చుట్టునున్న అడవిని చూడవు. మేమును చిరకాలము అట్లే యుంటిమి.

కామారెడ్డి జిల్లా రామారెడ్డి మండలమున, మద్దికుంట గ్రామసమీపమందలి అడవిలో బుగ్గ రామలింగేశ్వరుని ఆలయము కలదు. బుగ్గ యనగా నేలనుండి తనంతట ఊరివచ్చు నీరు. ఆ ఊట స్వామి పేరిటనే చేరినది. నడక పెద్దలకును పిల్లలకును కష్టము కానిది.

మొదటిమారు ఫాల్గుణమున, ప్రొద్దెక్కిన పిదప పోతిమి. దర్శనమైన వెంటనే నీటి యొడ్డుననే చాప పరచితిమి. పిల్లలు నీట దిగి కేరింతలు కొట్టిరి. పులిహోర తిని గిన్నెలు సబ్బుతో అచ్చటనే తోమితిమి. కోతులు తప్ప మరియొక ప్రాణి కానరాలేదు. “ఇచ్చట జంతువులే లేవు” అని మా పెద్దవాడు తీర్పు చెప్పెను. మేకలు కాచుకొను అవ్వ యొకతె అది విని నవ్వి, “మీరు నీళ్ల కాడ్నే కూసుంటే అవి ఎట్ల వస్తయి బిడ్డా? గొంతెండుతున్నా చెట్ల సాటున నిలవడి, మీరెప్పుడు పోతరా అని చూస్తయి” అనెను.

ఆ మాట మాకు ములుకువలె నాటినది. అరణ్యపర్వమున యక్షుని మాట లెక్కచేయక నీరు త్రాగి నలుగురు పాండవులు కూలిన కథ చిన్ననాటనే చదివితిమి. అయినను నీటి యొడ్డున మనకంటె ముందు హక్కు గలవారుందురని మాకు తోచుటకు అవ్వ మాట కావలసివచ్చినది!

మరుసటి వారము సూర్యోదయము కాగానే చేరితిమి. అడవిలో ఎలుగుబంట్లు తిరుగుటచే చీకటిలో నడచుట తగదు. వెలిసిన చీరలు కట్టి, గాజులు గలగలలాడకుండ గుడ్డపేలిక చుట్టుకొని, నీటికి నూరడుగుల దూరమున ఒక బండచాటున కూర్చుంటిమి. బడిలో అదలించి యలవాటైన మా వారి గొంతు తగ్గుటకు మాత్రము అరగంట పట్టినది.

మొదట లకుముకిపిట్ట బాణమువలె నీట మునిగి లేచెను. మోడుకొమ్మపై బూడిదబొమ్మవలె నున్న పాలపిట్ట రెక్క విప్పగానే నీలపు మెరుపు మెరసెను. పిదప నాలుగు నెమళ్లు వరుసగా దిగెను. ఒకటి త్రాగుచుండ తక్కినవి తలలెత్తి కాపు కాచుచుండెను. కొండముచ్చు తల్లి పిల్లను కడుపున కరచుకొని వచ్చి, మావైపు చూచి, తటపటాయించి, త్రాగి పోయెను. మేము ఊపిరి బిగపట్టితిమి. బురదలో గిట్టల గురుతులు కనబడినవి గాని, అవి దుప్పివో అవ్వ మేకలవో మా వారు సైతము తేల్చలేకపోయిరి.

వానకాలమున కొండపై కురిసిన నీరు రాలుటాకుల క్రింద మెల్లగా ఇంకి, రాతిబీటలలో దాగి, దిగువను చెమర్చి వెలికివచ్చును. చెట్లు లేని కొండమీది వాన ఇంకక ఒక్క పెట్టున పారిపోవును. ఇట్టి మడుగులోనే కప్పపిల్లలును తూనీగ పిల్లలును పెరుగును. మేము సబ్బునీరు పారబోసినది వాని యింటిలో! కోతులకు పులిహోర వేయుటయు మేలు కాదు. అలవాటుపడినవి చేతి సంచులు లాగును, పిల్లలను కరచును.

మృగములను విరివిగా చూడగోరువారు ఎల్లారెడ్డి నుండి మెదకు పోవు త్రోవలోని పోచారమునకు పోవచ్చును. అచ్చటి చెరువు 1922లో పూర్తియైనది. పూర్వము నిజాములు వేటాడిన ఆ యడవి 1952లో అభయారణ్యమైనది. చుక్కల దుప్పులును మనుబోతులును అచ్చట కలవు. కొండగొర్రె యను జింకజాతి మృగమును కలదు; అందు మగదానికి నాలుగు కొమ్ములుండును. నీరు త్రాగక అది చాలదినము లుండజాలదు గనుక నీటిని విడిచి దూరము పోదు. ఎండకాలమున మనుజులు ఒడ్డు విడువనిచో అట్టిదాని గతి యేమి? చలికాలమున బాపన బాతులు చెరువునకు వచ్చును.

ప్రొద్దెక్కి యాత్రికులు వచ్చుచుండగా మేము లేచితిమి. దర్శనము చేసికొని, దూరముగా చెట్టునీడను ఫలహారము చేసితిమి. ఎంగిలి గిన్నెలు మూటగట్టి యింటికి తెచ్చి, బావి యొద్దనే తోమితిమి.