ఆశ్రమము వీడిన యువ తలిదండ్రులకు ఉపాధి

మన గ్రామములలో ఆడపడుచు తొలి కానుపునకు పుట్టింటికి వచ్చుట చిరకాలపు ఆచారము. పథ్యము పెట్టుటకు, బిడ్డకు నీళ్లు పోయుటకు, పసికందును కొంతసేపు ఒడిలో నుంచుకొనుటకు అచ్చట తల్లి యుండును, పెద్దమ్మ యుండును. మరల పనిలోనికి పోదలచిన స్త్రీకి అంతకు మించిన అండ లేదు. అయితే బాలసదనమున పెరిగి, 18 ఏండ్లు నిండగనే వెలుపలికి వచ్చి, వివాహమాడి తల్లియైన యువతికి పుట్టిల్లేది? ఆమె ఉపాధి సమస్య ఇచ్చటనే ఆరంభమగుచున్నది.

హైదరాబాదులోని నాంపల్లి రైల్వే స్టేషను మన జిల్లాల వారికి పరిచితమైనదే. ఇల్లు విడిచిన బాలలు, దారి తప్పిన బాలలు ఇట్టి పెద్ద స్టేషనులకు చేరుచుందురు. ఆదరువు లేక కనబడిన బాలలను, ప్రయాణకాలము మినహాయించి, 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి యెదుట హాజరు పరుపవలెనని 2015 నాటి బాలల న్యాయ చట్టము విధించుచున్నది. సమితి విచారణ జరిపి, వారిని స్వగృహమునకు గాని, బాలసదనమునకు గాని, తగిన పెంపకపు కుటుంబమునకు గాని పంపును.

సదనము విడిచిన వారిని ప్రభుత్వము వీధిన వదలివేయరాదు. 18 ఏండ్లు నిండిన పిమ్మట 21 ఏండ్ల వరకు, ప్రత్యేక పరిస్థితులలో 23 ఏండ్ల వరకు, అనంతర సంరక్షణ కలదు. 2016 నాటి నియమముల ననుసరించి ఆరు మొదలు ఎనిమిది మంది కలిసి యుండుటకు తాత్కాలిక వసతి, వృత్తి శిక్షణ కాలమున భృతి, స్వయముగా వ్యాపారము పెట్టుకొనువారికి ఋణ సహాయము ఏర్పాటు చేయవచ్చును. సదనము విడుచుటకు రెండు మాసములు ముందుగనే ఇందుకు ప్రణాళిక సిద్ధము కావలెను. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శక సూత్రములలో నెలకు 4,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది.

నాంపల్లికి చేరువనే ఆబిడ్స్ కలదు. ఆరవ నిజాము కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణము వలన ఆ వీధికి ఆ పేరు వచ్చినది. అచ్చటి బట్టల కొట్లలో, చెప్పుల దుకాణములలో, హోటళ్లలో చేతిపని రానివారికి సైతము కొలువు దొరకవచ్చును. ఏటేట జనవరి 1న నాంపల్లిలో ఆరంభమగు నుమాయిష్ ప్రదర్శన కూడ నెలన్నర పాటు పని చూపును. కాని ప్రదర్శన ముగియగనే ఆ పని ముగియును. దుకాణము రాత్రి వరకు తెరచియుండును. పాలు త్రాగు బిడ్డ అంతసేపు ఎవరి వద్ద నుండవలెను? కావున పెండ్లికి, కానుపునకు ముందే నిలుకడగల వృత్తి నేర్చుట మేలు. సమీపమున మల్లేపల్లిలో ప్రభుత్వ ఐ.టి.ఐ. కలదు.

ఉద్యోగమున నున్న తల్లికి గల హక్కులు తెలిసియుండవలెను. పదిమంది లేక అంతకు మించి పనిచేయు దుకాణమున, కానుపునకు ముందటి 12 మాసములలో 80 దినములు పనిచేసిన స్త్రీకి, మొదటి యిరువురు బిడ్డల విషయమున 26 వారముల జీతముతో కూడిన సెలవు చెల్లును. ఏబదిమంది లేక అంతకు మించి పనిచేయు సంస్థలో శిశు సంరక్షణ గది యుండవలెను. చిన్న కొట్టులో పనిచేయు తల్లికి ఈ రక్షణ అందదు. అట్టివారికి పాల్నా పథకపు శిశు కేంద్రములు, మూడేండ్లు దాటిన బిడ్డకు అంగన్‌వాడీ కొంత ఆధారము. యువకుడైన తండ్రి కూడ బిడ్డ పెంపకమున పాలుపంచుకొనినచో తల్లి కొలువు నిలుచును.

ఇంగ్లండు దేశమున 2017 నాటి చట్టము ప్రకారము ఇట్టి యువజనులకు 25 ఏండ్ల వరకు సలహాదారు తోడు లభించును. ఉద్యోగము దొరకిన తరువాత సైతము అడుగుటకు ఒక మనిషి యుండవలెననుట ఇందలి భావము.

ఈ పనిలో గ్రామస్థులకు కూడ పాత్ర కలదు. ఒంటరి బాలలు కనబడినచో 1098 నంబరునకు ఫోను చేయవలెను. సదనమున పెరిగినవారు ఊరికి వచ్చి స్థిరపడదలచినచో "నీ వారెవరు?" అని నిలదీయక, అద్దె యిల్లు చూపి, ధ్రువపత్రములు పొందుటలో తోడ్పడి, పనియిచ్చు వారితో ఒక మంచి మాట చెప్పవలెను. గ్రామమునందలి పెద్దముత్తైదువ ఒకరు ఆ బాలింత బిడ్డను పూటపాటు చూచినను, ఆమెకు ఒక దినపు కూలి దక్కును. పుట్టిల్లు లేనివారికి ఊరే పుట్టిల్లు కావలెను.