లారీ దాహము

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు బాటపై రేయింబవళ్ళు లారీలు తిరుగుచుండును. కొన్ని సింగరేణి బొగ్గును మోయును. కొన్ని జామాయిలు దుంగలను సారపాకలోని కాగితపు మిల్లునకు చేర్చును. 1965లో భద్రాచలమువద్ద గోదావరిపై వంతెన ఏర్పడిన పిమ్మట ఆవలి యడవులకు లారీల రాకపోకలు సులభమయ్యెను. చింతూరు దాటి మారేడుమిల్లి కనుమ నెక్కునపుడు బరువు లారీ మనిషి నడకకంటె కొంచెము వడిగా మాత్రమే సాగును. యంత్రము మిక్కిలి శ్రమపడును. ఎదురుగాలి మాత్రము తగులదు. వేసవిలో ఈ ప్రాంతమున ఎండ 45 డిగ్రీలను తాకుట అరుదు కాదు. అట్టి వేళ పాతలారీలోని నీరు కారిపోయినచో, ఊళ్ళు దూరముగా నున్న యడవిలో డ్రైవరును క్లీనరును చిక్కుకొందురు. కొన్ని నిమిషములలో యంత్రపు మూత వంకరపోవచ్చును, పగులవచ్చును. ఒక్క లారీని నమ్ముకొన్న కుటుంబమునకు అది నెలల సంపాదనను హరించు దెబ్బ.

యంత్రమునకు నీరెందుకు? సిలిండరులో డీసెలు మండునపుడు పుట్టు వేడి 2000 డిగ్రీలవరకు పోవును. పోతయినుము సుమారు 1200 డిగ్రీలవద్దనే కరగును! మండిన నూనెయొక్క శక్తిలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే చక్రములను త్రిప్పును. మరియొక మూడవవంతు పొగతో పోవును. మిగిలిన వేడిలో అధికభాగమును నీరే మోసికొనిపోవలయును. పంపు ఆ నీటిని సిలిండర్ల చుట్టునున్న బోలుగోడలలోనికి త్రోయును. అది పైమూతగుండ ప్రవహించి, థర్మోస్టాటు అను తలుపు తెరచుకొనగనే పై రబ్బరుగొట్టముద్వారా రేడియేటరును చేరును. అచ్చట సన్నని గొట్టములలో దిగుచు, పంకా గాలికి చల్లబడి, క్రింది గొట్టముద్వారా తిరిగి పంపును చేరును.

మోటారు బండ్లు పుట్టిననాడు ఈ యేర్పాటు లేదు. 1888లో బెర్తా బెంజ్ అను జర్మను వనిత తన భర్త చేసిన మూడుచక్రముల బండిలో సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణము చేసెను. ఆ బండిలో నీరు ఆవిరియై పోవుచుండుటచే దారిపొడవునను నీరు పోయవలసి వచ్చెను. 1900 ప్రాంతమున విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టువంటి రేడియేటరును నిర్మించిన పిదప కొద్దినీటితోనే పెద్దయంత్రమును చల్లార్చుట సాధ్యమయ్యెను.

రేడియేటరు మూతను గూర్చి ఒకమాట చెప్పవలయును. చూపునకది సీసా మూతవలె నుండును గాని, దానిలో ఒక స్ప్రింగు కలదు. అది లోపలి ఒత్తిడిని నిలుపును. ఒత్తిడి పెరిగినకొలది నీరు మరగుటకు మరింత వేడి కావలయును. చదరపు అంగుళమునకు 7 పౌండ్ల ఒత్తిడిని నిలుపు మూత క్రింద నీరు సుమారు 111 డిగ్రీలవరకు మరగదు. స్ప్రింగు బలహీనపడినచో ఎచ్చటను చిల్లిలేకున్నను నీరు పొంగిపోవును. వేడిగా నున్నపుడు మూత విప్పినవారి ముఖముపైకి మరగునీరు చిమ్మును. ఇట్లు కాలినవారు పెక్కుమంది.

నీరెచ్చట కారుచున్నదో కనుగొనుట సహనముతో కూడిన పని. చుక్క పడినచోటనే చిల్లి యుండునని తలచుట పొరపాటు. పంకా గాలి చుక్కలను వెనుకకు కొట్టును. నీరు ఇనుముపై జారి దూరమున రాలును. కావున తడిసినచోటికి పైనను, ముందుప్రక్కను వెదకవలయును. అనుభవజ్ఞుడైన మెకానిక్కు తెల్లవారుజామున, యంత్రము చల్లగా నున్నపుడు చూడ నారంభించును. లోహము చల్లబడి ముడుచుకొనుటచే కొన్ని కారుడులు అప్పుడే కనబడును. కొన్ని వేడియందు, ఒత్తిడియందు మాత్రమే బయటపడును. ఆరిపోయిన నీరుకూడ సాక్ష్యమిచ్చును: కారినచోట తెల్లని గారయో, తుప్పు చారయో మిగులును. అదియు చాలనిచో రేడియేటరు నోటికి చేతిపంపును బిగించి గాలి ఎక్కించి ముల్లును చూతురు. ముల్లు దిగినచో నీరెచ్చటనో పోవుచున్నదన్నమాట.

రబ్బరుగొట్టములు మెత్తబడి గాని బీటలువారి గాని యుండును. గొట్టముకొన మాత్రమే చెడినచో దానిని కోసి, ఇనుపమూతికి పట్టిన తుప్పును గీకి, మరల బిగింపవచ్చును. పంపు అడుగున చిన్నరంధ్రము కలదు. దానినుండి నీరు కారుట లోపలి సీలు అరిగినదనుటకు గుర్తు. కొందరు ఆ రంధ్రమునే మూసివేయుదురు! అప్పుడు నీరు బేరింగులోనికి చొచ్చి పంపునే పాడుచేయును. సిలిండర్ల దిమ్మప్రక్క రంధ్రములను మూయు రేకుబిళ్ళలు లోపలినుండి తుప్పుపట్టి చిల్లిపడును; వానిని పెకలించి, గాడిని శుభ్రపరచి, క్రొత్తవానిని కొట్టవలయును.

రేడియేటరు చెడినచో దానిని విప్పి మాటువేయువాని కొట్టునకు కొనిపోవుదురు. అతడు దాని నోళ్ళు మూసి, నీటితొట్టిలో ముంచి, గాలి ఎక్కించును. బుడగలు లేచినచోట మాటువేయును. ఇది పాత రాగి, ఇత్తడి రేడియేటర్లకు చెల్లును. నేటి అల్యూమినియపు రేడియేటర్లకు ఈ మాటు పనికిరాదు.

దారిలో చిక్కినపుడు డ్రైవర్లు రేడియేటరులో పసుపుపొడి పోయుట కలదు. అది నీటితో పోయి చిన్నచిల్లిలో చిక్కుకొని కొంతసేపు కారుట నాపును. ఊరు చేరుటకది మంచి ఉపాయమే; కాని చిల్లిని మూసిన పొడియే మంచిగొట్టములనుకూడ మూయును. ఊరు చేరినపిదప రేడియేటరును కడుగనివాడు మరల వేడినే కొనితెచ్చుకొనును.

అన్నిటికంటె చిక్కైనది బయట చుక్కయైనను కనబడక నీరు తగ్గుట. మూతకును దిమ్మకును నడుమనున్న గాస్కెట్టు కాలినచో నీరు సిలిండరులోనికి పోయి తెల్లనిపొగగా వెడలును. రేడియేటరులో బుడగలు లేచును. నీరు నూనెలో కలిసినచో నూనె పాలు కలిపిన తేనీరువలె మారును. అప్పుడు లారీని నడుపరాదు. మూతను విప్పి, సరళమైన బద్దతో దాని చదును పరీక్షించి, క్రొత్త గాస్కెట్టు వేసి, మరలను నడిమినుండి అంచులకు రెండుమూడు విడతలుగా బిగింపవలయును. ఒక మూలనుండి బిగించుచు పోయినచో మూత వంగును.

నీరెండిన వేడి యంత్రములో చల్లనినీరు ఒక్కుమ్మడి పోయరాదు, ఇనుము పగులును. చల్లారనిచ్చి కొంచెము కొంచెముగా పోయవలయును. తరువాత మూతతీసియే యంత్రమును నడిపి, థర్మోస్టాటు తెరచుకొని లోపలిగాలి వెడలిపోయినపిదప తగ్గిన నీటిని నింపి మూత బిగింతురు. బోరునీటికంటె వాననీరు మేలు, దానిచే గార పట్టదు. పచ్చరంగు ద్రవము కలిపిన లారీలలో ఆ నీటిని నేలపై వదలరాదు. అందలి గ్లైకాలు తియ్యగా నుండు విషము. బాటప్రక్కన మేయు పశువులు దానిని త్రాగి చనిపోవును.